సగం చంద్రుడి సాయంత్రాలు

నెలకోసారి కరిముల్లా మేడెక్కేది ఎదురింటి సుధామణి కోసమేనని వీధంతా అనుకుంది గానీ, పెద్దదిక్కు కొండలమ్మ నమ్మలేదు. ఆటోనగర్‌లో బ్యాటరీలు బాగుచేసే అతను యాసిడ్ చిల్లులు పడ్డ చొక్కాతోనే పైకెళ్లి, పిట్టగోడకు మోచేతులానించి ఆకాశంలోకి చూస్తాడు. అదీ సగం చంద్రుడు కనిపించే సాయంత్రాల్లోనే. ఎంత పాడైన బ్యాటరీనైనా ‘చచ్చిపోయింది’ అనడు, ‘పడుకుంది’ అంటాడు. ఆ పుకారు విని అతని భార్య ఇష్రత్ పుట్టింటికి పెట్టె సర్దుతుంటే, కొండలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మేడెక్కింది.

“ఏరా కరిముల్లా, ఇక్కడ నీ కాపురం కూలేట్టుంది. ఎవరి కోసంరా ఈ చూపులు?”

అతను చంద్రుడి కింది అంచుకేసి వేలు చూపించాడు.

“మనోళ్లు దింపిన బండి అక్కడ పదిహేన్రోజుల రాత్రి చలికి పడుకుండిపోయింది పిన్నిగారూ. ఇయ్యాల దాని మీద మళ్లీ ఎండ పడుద్ది. ఒకవేళ లేస్తే, చూసేవాళ్లు ఒక్కళ్లన్నా ఉండొద్దా?”