సాంచాల మోతలో టీవీ సారు

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు మ్యాచ్ గురించి వాగుతూనే ఉంటారు. నా చిన్నప్పుడు మాకు ఒక్కడే టీవీ సారు. ఆదివారం పొద్దున ఆటల ముచ్చట్లు చెప్పేవాడు. కళ్లద్దాలు, ఎప్పుడూ ఓ పక్కకు ఒరిగిన టై, సిక్స్ కొట్టింది తనే అన్నట్టు నవ్వు. ఆయనంటే నాకు పిచ్చి. అయినా ఆయన గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు!

తెలిసేదెట్లా? చొప్పదండి దగ్గర మా ఊళ్లో వాడకట్టంతా సాంచాలే. మరమగ్గాన్ని మా దగ్గర అట్లాగే అంటారు. మా టీవీ, బాపు నడిపే నాలుగు సాంచాలు ఒకే రేకుల కింద ఉండేవి. కరెంటు ఉంటే చెవులు పగిలే మోత. కరెంటు పోతే టీవీ కూడా బంద్. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

అయితే సాంచాల దగ్గర బతికినవాళ్లు పెదవులు చూసి మాట పట్టేస్తారు. బాపు తెగిన పోగు ముడేస్తూనే టీవీ మీద ఓ కన్నేసి, నా చెవిలో అరిచి చెప్పేవాడు.

"వీళ్లేం బౌలర్లు బిడ్డా, వీళ్లకంటె గడ్డి కోసెటోళ్లు నయం అంటుండు!"

పక్కన కండెలకు నూలు చుట్టే అవ్వ అంతకంటే గట్టిగా అరిచేది. "టీవీల పెద్దమనిషి గట్లంటడా? నీ పైత్యమంత ఆయనకు అంటగట్టకు!"

నేను మాత్రం బాపు మాటే నమ్మాను. బళ్లో పంతులుతో కూడా వాదించి తిట్లు తిన్నాను.

ఓ ఆదివారం బాపు పని వదిలేసి టీవీ ముందే నిలబడిపోయాడు. "అచ్చే వారమే ఆఖరంట బిడ్డా. ఇగ రాడంట."

నాకు ఏడుపు ఆగలేదు. "ఒక్కసారన్న ఆయన గొంతు ఇనాలె బాపూ" అని పట్టుపట్టాను.

సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అయినా ఆ తర్వాతి ఆదివారం బాపు నాలుగూ బంద్ చేశాడు. అటూ ఇటూ ఇళ్లకు పోయి వాళ్లనూ బతిమాలాడు. "ఏం బావా, టీవీలున్నాయన నీకేమన్న సుట్టమా?" అని నవ్వుతూనే వాళ్లూ ఆపారు. మా గోడ గడియారం చప్పుడు చేస్తుందని ఆరోజే తెలిసింది నాకు.

టీవీ సౌండు చివరిదాకా పెట్టాం. సారు మాట్లాడాడు. సన్నటి గొంతు, పాఠం అప్పజెప్పినట్టు మర్యాదగా. తిట్టు లేదు, గడ్డి లేదు. బాపు బండారం బయటపడిందని నవ్వుతూ ఆయన వైపు తిరిగాను.

బాపు తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, ఇంకా ఆ పెదవులనే చూస్తున్నాడు.

"గొంతు ఎట్లున్నది బిడ్డా?" అని నా వైపు వంగి చెవిలో అరిచాడు, మోత ఇంకా ఉన్నట్టే.

ఇన్నేళ్ల సాంచాలు ఆయన చెవుల్ని తినేశాయని నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు కనబడేలా ముఖం తిప్పి, పెదవులు నిదానంగా కదిపాను.

"అచ్చం నీ గొంతే బాపూ."