కిడ్నీలో రాయి అని చెప్పిన మనిషి

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

బస్సులో నిలబడ్డవాళ్ల సంచి కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం మనకు అలవాటే కదా. దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో నేనెక్కిన బస్సులో ఒక పెద్దాయన గుడ్డసంచి పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. అడక్కుండానే సంచి లాగాను. ఆయన "అబ్బా!" అంటూ వంగిపోయాడు. సంచిలోంచి సన్నటి గొట్టం ఒకటి ఆయన చొక్కా కిందికి పోయి ఉంది. లోపలున్నది మూత్రం సంచి.

"అరే ఆంటీ, జరా దేఖ్ కే!" అని, కాస్త చూసుకోమంటూ హిందీలో కసిరాడు కండక్టరు.

"అయ్యో, నా చేతులు పడిపోను! ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ."

"తెలుగువాళ్లా చెల్లెమ్మా? పర్లేదులే."

పక్క సీటు ఖాళీ అయ్యాక కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. ప్రోస్టేట్‌లో కేన్సరట. అది ఇంకా ముదరకుండా రేపు ఆపరేషన్ చేసి వృషణాలు తీసేస్తారట.

"వదినగారికి తెలుసా?"

"కిడ్నీలో రాయని చెప్పాను. ఇంట్లోనే ఉండమన్నాను."

"ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి అబద్ధమా? ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

చేశాడు. "తిన్నావా? ఏం కూర? ఆ, రాయే. చిన్నదే," అని పెట్టేశాడు.

"దాని గొంతు వినగానే నాకు నోరు రాలేదమ్మా," అన్నాడు. ఆసుపత్రి దగ్గర దిగిపోయాడు. ఆ తల్లికి ఆ మాట చివరికి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మీ ఇంటి మగవాళ్లకి బాధ కలిగితే భార్యతో చెప్పుకునే నోరు దేవుడివ్వాలి. మీ గడప చల్లగా ఉండాలి.