ఆల్టర్నేటర్ విప్పిన వారం

బౌరంపేట్‌లో బ్లౌజులు ఇచ్చేసి తిరిగొస్తుంటే డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది. అది వెలగడం మొదటిసారేం కాదు కాబట్టి చూసీ చూడనట్టు పోనిచ్చాను. మసక చీకటి పడుతోంది. దుండిగల్ దాటేసరికి హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి, హారన్ గొంతు పోయింది. గౌడవెల్లికి మళ్లే చోట కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. కాలేజీ పిల్లలెవరో బైకులు ఆపి దాన్ని రోడ్డు పక్కకు తోసిపెట్టారు. "ఆంటీ, బ్యాటరీ కొత్తది ఏపిచ్చుకోన్రి" అని ఒక సలహా కూడా పడేసి పోయారు.

ఆ బ్యాటరీ కొత్తదే. అదే నా బాధ.

మా ఆయన మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. డ్యూటీ దిగి బైకు మీద వచ్చి, ఎవరినో బతిమాలి ఇంకో బండి నుంచి వైర్లు తగిలించి, ఎలాగో కారును ఇంటికి చేర్చాడు. వాకిట్లో ఇంజన్ ఆపాక మొదలుపెట్టాడు.

"ఇగ నాతోని గాదు. రెండో బ్యాటరీ గిది. మొదటిది దొంగ సరుకు అనుకున్న, గిది గూడ గట్లనే సచ్చె. బండిల్నే ఏదో రోగమున్నది. మా డ్యూటీల ఒకాయన ఎన్నడి సందో అడుగుతాండు. ఆదివారం చూడనీకి రమ్మంట."

నేను కుట్టుపని చేస్తాను. ఊళ్లో లంగాలు, స్కూలు డ్రెస్సులతో మొదలుపెట్టి, ఇప్పుడు బౌరంపేట్ విల్లాల్లోనూ శామీర్‌పేట వైపు ఇళ్లల్లోనూ పట్టు బ్లౌజులకు కొలతలు తీసుకునేదాకా వచ్చాను. ఆ ఇళ్లవాళ్లు గౌడవెల్లి దాకా రారు. మనమే వెళ్లాలి. కారు లేనప్పుడు మూటలు ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. ఆటో నిండేదాకా డ్రైవర్ కదలడు, నిండాక నాకూ మూటకూ చోటుండదు. ఒకసారి మగ్గం పని చేసిన బ్లౌజు మీద ఎవరి సంచిలోంచో నూనె కారింది. ఆ మరక పోవడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. తర్వాత ఈ పాత కారు వచ్చింది. అల్వాల్‌లో డ్రైవింగ్ నేర్చుకున్నాను. కారు కొన్నది మా ఆయనే అయినా ఆయన సరదా మూణ్ణెల్ల ముచ్చటే, మళ్లీ బైకెక్కాడు. దాన్ని నడిపింది నేను. ఇప్పుడది పోతే నా పని మళ్లీ ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు. విసుగొచ్చినప్పుడు మనిషికి తెలిసినవి కూడా గుర్తుండవు.

"ఆదివారం దాంక నాకు విడిచిపెట్టు. నేను జూస్త" అన్నాను.

ఆయన నవ్వాడు. వెటకారంగా కూడా కాదు, అలసటగా నవ్వాడు. "నువ్వేం జూస్తవే? గది కుట్టుమిషను అనుకున్నవా?"

ఒళ్లు మండింది. నాకు కోపం ఎక్కువన్న మాట మా వాడకట్టంతా ఒప్పుకుంటుంది. కానీ ఆ రాత్రి అరవలేదు. అన్నం పెట్టి, గిన్నెలు కాస్త గట్టిగా కడిగి, పడుకున్నాను.

పొద్దున ఆయన డ్యూటీకి పోగానే ఫోన్లో వీడియోలు ముందేసుకున్నాను. అర్థమైంది ఇంత: బ్యాటరీ కరెంటును దాచుకునే డబ్బా మాత్రమే. బండి నడుస్తున్నంతసేపూ దాన్ని నింపేది ఆల్టర్నేటర్. ఇంజన్ తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది తిరిగి కరెంటు పుట్టిస్తుంది. అది పని మానేస్తే ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా వాడుకున్నంతసేపు వాడుకుని చావాల్సిందే. పాపం, దొంగ సరుకని తిట్లు తిన్న బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు.

కుట్టుమిషను మోటారు ఆగినప్పుడల్లా చూసుకోవడానికి నా దగ్గర చిన్న కరెంటు మీటర్ ఉంది. పక్కింటి చాచాను అడిగి ఆయన ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి, వైర్లు తగిలించి బండి స్టార్ట్ చేసి, అరువు వైర్లు తీసేసి, మీటర్ ముళ్లు మా బ్యాటరీ కొసలకు ఆనించాను. ఇంజన్ నడుస్తుంటే పద్నాలుగు వోల్టుల దరిదాపుల్లో ఉండాలట. పన్నెండు కూడా నిలబడలేదు. లైట్లు వేస్తే ఇంకా దిగింది. నింపాల్సినది నింపడం లేదు. సగం రోగం దొరికినట్టే.

చాచా ఒకప్పుడు లారీలు నడిపాడు, ఇప్పుడు గడ్డి వ్యాపారం. పెద్దమనిషి, మంచివాడు, కానీ ఎవరి ఇంట్లో బోనెట్ లేచినా చెయ్యి పెట్టకుండా ఉండలేడు.

"అరె బేటీ, మీటర్ గీటర్ ఎందుకు? బండి నడుస్తుండంగనే బ్యాటరీ టర్మినల్ పీకు. ఇంజన్ నడిచిందా, డైనమో అచ్ఛా. బంద్ అయిందా, ఖరాబ్. బాత్ ఖతం!" అంటూ పానా కూడా పెట్టబోయాడు.

"చాచా! చెయ్యి తియ్!"

నా అరుపుకు కోళ్లు కూడా చెదిరాయి. "గిప్పటి బండ్లల్ల కంప్యూటర్ డబ్బాలుంటయి. నడుస్తుండంగ బ్యాటరీ తీస్తె కరెంటు ఎగదన్ని అన్నీ కాలిపోతయి" అన్నాను, ఈసారి గొంతు తగ్గించి.

"నువ్వు పుట్టకముందు సంది లారీలకు గట్లనే జూస్తాన. నాకే చెప్తున్నవా?" అని చాచా పానా నేల మీద పడేసి, లుంగీ సర్దుకుని వెళ్లిపోయాడు. పాత లారీలకు ఆయన పద్ధతి చెల్లింది. నా బండికి చెల్లదు. పెద్దాయనను నొప్పించానని మనసు పీకింది గానీ బండి కాలిపోతే మాత్రం నన్ను ఓదార్చేవాళ్లెవరూ లేరు కదా.

అప్పటినుంచి ఒక్కదాన్నే. ఇంజన్ ఆపేసి ముందు బ్యాటరీ కొసలు చూశాను. పచ్చగా తెల్లగా ఉప్పు పట్టి ఉన్నాయి. వైర్లు తీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టి మళ్లీ బిగించాను. చాచా వదిలిపోయిన ట్రాక్టర్ బ్యాటరీతో స్టార్ట్ చేసి చూస్తే మీటర్ కదల్లేదు. ఇంజన్ ఆపాను. తర్వాత బెల్టు. ఇక్కడ నాకు ఏ వీడియో అక్కర్లేదు. తొక్కుడు మిషను తోలు బెల్టు వదులైతే చక్రం జారడం, ముక్క కోసి మళ్లీ కొక్కెం వేయడం నా చిన్ననాటి విద్య. బొటనవేలితో నొక్కితే కారు బెల్టు ఉండాల్సినదానికంటే ఎక్కువ లొంగింది. బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను కాస్త బయటికి లాగి, బెల్టు బిగించి, మళ్లీ బోల్టు వేశాను. స్టార్ట్ చేస్తే ఎన్నాళ్లుగానో వస్తున్న కీచుమనే శబ్దం పోయింది. మీటర్ మాత్రం కదల్లేదు.

అప్పుడు, నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. బోనెట్‌కు ఆనుకుని కూర్చుని మిషన్ వైపు చూశాను. వరండాలో అది మోటారు మీద నడుస్తుంది. సరిగ్గా పండగ ముందు, బ్లౌజు చెయ్యి సగంలో ఉండగా ఆ మోటారు మొరాయిస్తుంటుంది. అప్పుడు నేను చేసే మొదటి పని దాని నెత్తిన ఒక్కటి మొట్టడం. మొట్టితే తిరుగుతుంది. మొట్టితే తిరిగిందంటే లోపల కార్బన్ బ్రష్షులు అరిగాయని అర్థం. తిరిగే ఇరుసుకు ఆనుకుని కరెంటు అందించే పెన్సిల్ ముక్కల్లాంటివి అవి. అరిగి పొట్టివైపోతే ఇరుసుకు అందవు. దెబ్బ పడితే ఓ క్షణం అందుతాయి.

లేచి వెళ్లి, బెల్టుకు చెయ్యి తగలకుండా స్క్రూడ్రైవర్ వెనక భాగంతో ఆల్టర్నేటర్ వీపు మీద మెల్లగా కొట్టాను.

మీటర్‌లో అంకె పద్నాలుగుకు ఎగిరి మళ్లీ పడిపోయింది.

ఇంకోసారి కొట్టాను. మళ్లీ ఎగిరింది. నాకు నవ్వాగలేదు. ఇది కుట్టుమిషను అనుకున్నవా అన్నాడు కదా మా ఆయన. అనుకున్నాను! అనుకున్నందుకే దొరికింది!

విప్పడం మర్నాడు పెట్టుకున్నాను. ఎక్కడేది ఉందో విప్పేముందే ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. మిషను విప్పేముందు ప్లగ్గు పీకినట్టు ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు తీశాను, బెల్టు దించాను. కింది బోల్టు మాత్రం ససేమిరా అంది. ఊగి లాగితే నా భుజం ఊడేలా ఉంది గానీ బోల్టు కదల్లేదు. గేటు దగ్గర దగ్గు వినిపించింది. చాచా! చేతిలో పొడవాటి ఇనుప పైపు.

"పానాకు గీ పైపు తొడుగు. జోర్ మస్తొస్తది" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

తొడిగి ఇద్దరం కలిసి వేలాడితే టక్కుమని వదిలింది. "నిన్న గట్టిగ మాట్లాడిన చాచా" అన్నాను. "గట్టిగనా? నా చెవుల ఇంకా మోగుతాంది" అని, నవ్వుతూ పైపు అక్కడే వదిలి గడ్డి బండి దగ్గరికి పోయాడు.

ఆల్టర్నేటర్‌ను వరండాలోకి తెచ్చి మిషను పక్కనే పాత చీర మీద పెట్టాను. వెనక మూత తీస్తే బ్రష్షులుండే చిన్న డబ్బా బయటికొచ్చింది. ఒకటి చిటికెనవేలి గోరంత మిగిలింది, రెండోది ఇంకా తక్కువ. అవి రాసుకునే రాగి రింగులు నల్లగా మాడినట్టున్నాయి. సన్నటి సాండ్‌పేపర్‌తో, పట్టుబట్ట ఇస్త్రీ చేసేంత మెత్తగా రుద్దితే రాగి రంగు తేలింది.

పాత డబ్బా గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి మేడ్చల్ వెళ్లాను. స్పేర్‌పార్టుల షాపాయన నన్నూ నా చేతి మసినీ మార్చి మార్చి చూశాడు.

"మెకానిక్ యాడున్నడమ్మా?"

"నీ ముందట్నే ఉన్నడు. గిసొంటి బ్రష్షుల డబ్బా ఇయ్యి."

"గవి మారుస్తె పని గాదమ్మా, మొత్తం ఆల్టర్నేటరే మార్చాలె."

"పని గాకుంటె మొత్తం నీ తాననే కొంట. ముందుగాల గిది ఇయ్యి."

ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగించేటప్పుడు ఇంకో తంటా. కొత్త బ్రష్షులు స్ప్రింగుల మీద ముందుకు తన్నుకొస్తాయి, రింగుల మీదికి ఎక్కనివ్వవు. వాటిని లోపలికి నొక్కి, డబ్బాకున్న సన్నటి బెజ్జంలోంచి గోనెసంచులు కుట్టే దబ్బనం దూర్చి ఆపాను. డబ్బా చోట్లో కూర్చున్నాక దబ్బనం లాగేస్తే బ్రష్షులు రింగులకు ఆనుకున్నాయి. కుట్టేవాళ్ల ఇంట్లో సూదులకేం కొదవ?

మళ్లీ చాచా ట్రాక్టర్ బ్యాటరీ. మళ్లీ స్టార్ట్. ఎర్ర గుర్తు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. మీటర్ పద్నాలుగు దగ్గర నిలబడింది. లైట్లు వేశాను, ఏసీ వేశాను, వైపర్లు కూడా వేశాను. నిలబడింది. నా మీద నాకే అంత ముద్దొచ్చిన రోజు ఇంకోటి లేదు. మసి చేతులతోనే మొహం తుడుచుకుని, "చాచా! దా, జల్ది దా!" అని కేకేశాను. ఆయన వంగి మీటర్ చూశాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "షాబాష్ బిడ్డా" అన్నాడంతే. బ్యాటరీ నిండాలని సాయంత్రం శామీర్‌పేట దాకా నడిపి తెచ్చాను. దారి పొడుగునా ఎవరైనా నన్ను ఆపి అడిగితే బాగుండునని, అడిగితే అంతా చెబుదామని ఉంది. ఎవరూ ఆపలేదు.

మా ఆయన రాగానే మాటలేం చెప్పలేదు. మీటర్ చేతికిచ్చి ఇంజన్ ఆన్ చేశాను. వంగి చూశాడు, లైట్లు వేసి చూశాడు, బ్రష్షుల సంగతి చెబితే విన్నాడు. విని, "మంచిగైంది తియ్. ఇగ ఆదివారం మంచి రేటొస్తది" అన్నాడు.

అమ్మకుండా ఉండాలని బాగుచేస్తే అమ్మడానికే బాగైంది! ఆ మాట ఆయనతో అనలేదు. బండి బాగైతే ఆయనే అర్థం చేసుకుంటాడని నమ్మాను, ఇప్పుడు అడిగి అనిపించుకోవడానికి నా పొగరు ఒప్పుకోలేదు. శనివారమంతా మిషను ముందు కూర్చున్నాను గానీ వేసిన కుట్లు వేసినట్టు విప్పుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి మేం వచ్చేసరికి ఆయన డ్యూటీ స్నేహితుడు గేటు దగ్గరే ఉన్నాడు. కారెక్కాడు, స్టార్ట్ చేశాడు, చెవి పెట్టి విన్నాడు, ఊరి చివరిదాకా నడిపి తెచ్చాడు. నేను చాయ్ కప్పులతో వాకిట్లోకి వచ్చేసరికి ఆ స్నేహితుడి మొహం వెలిగిపోతోంది.

"మస్తున్నదన్నా బండి! మరి గా బ్యాటరీ లొల్లి ఏమైంది? యాడ చేపిచ్చినవ్?"

మా ఆయన నేల చూశాడు. మేడ్చల్‌లో చేయించానంటాడని అనుకున్నాను. అలా అంటే బేరం నున్నగా సాగుతుంది. అంటే మాత్రం ఊరుకోనని పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

"యాడ చేపియ్యలే. మా ఇంటామె చేసింది" అన్నాడు.

"ఏందీ?"

"రోగం దొరకబట్టింది ఆమెనే, విప్పింది ఆమెనే, బిగిచ్చింది ఆమెనే. నేను బ్యాటరీలు మార్చుకుంట కూసున్న."

వచ్చినాయన నన్ను చూసి, కారును చూసి, మళ్లీ నన్ను చూశాడు. వెనక్కి తగ్గుతాడేమో అనుకున్నాను. తగ్గలేదు. "గింత మంచిగ చూసుకున్న బండిని ఎవడిడుస్తడు? చెప్పన్నా, ఎంతకిస్తవ్?"

మా ఆయన తాళం చెవి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. నేనున్న వైపు తిరిగాడు.

"నన్నెందుకు అడుగుతవ్? బండి ఆమెది. ఆమెనడుగు."

కాగితాల మీద పేరు ఆయనది, కొన్నది ఆయన. ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. బయటికి పోవాలంటే "బండి తీస్కపోనా" అని అడిగే తీసుకెళ్లేదాన్ని. వచ్చినాయన చేతికి చాయ్ కప్పు అందించాను.

"అమ్మేది లేదన్నా. చాయ్ తాగు, సల్లగైతాంది" అన్నాను.