డ్రైవర్ బొమ్మ ముక్కులో తెల్లని చుక్కలు

బొమ్మ ముక్కు దగ్గర కాగితం తెల్లగా కనిపించినప్పుడే నాకు మొదట భయం వేసింది. సాయంత్రం ఆరుంపావు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పిల్లలిద్దరూ పక్కింట్లో ట్యూషన్‌లో ఉన్నారు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. డిగ్రీ చదివాను. పైగా మేముండేది కృష్ణానగర్‌లో. సినిమా రక్తం సీసాల్లో, దయ్యం విగ్గులు కిరాయికి దొరికే వీధులివి.

అరచేతి కంటే కాస్త పెద్ద స్కెచ్‌బుక్‌లో, పిల్లలకు నచ్చిన టీవీ పాత్రల ముఖాలు పెన్సిల్‌తో వేస్తుంటాను. రోజంతా చాకిరీలో నాకంటూ మిగిలేది ఆ అరగంటే. వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ ఒక సీరియల్‌లోని డ్రైవర్‌ది. ఆ వేషం వేసేది మా ఆయనే.

ఆ బొమ్మలో ముక్కుపుటాలను మెత్తటి పెన్సిల్‌తో నల్లగా నింపాను. బాగా గుర్తుంది. ఇప్పుడు ఆ రెండు చోట్లా గుండ్రంగా తెలుపు. రబ్బరుతో చెరిపితే మరక మిగలాలి, కాగితం పీచు లేవాలి. అవేవీ లేవు. పుస్తకం బీరువా మీద ఉంటుంది, పిల్లలకు అందదు.

దూది పెట్టినట్టుంది.

ఆయనకు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు గానీ ఊపిరి మాత్రమే వినిపించింది.

“ఏడున్నవ్? నీ ముక్కుల దూది గిట్ల పెట్టిండ్రా?”

నిద్రలోంచి మాట్లాడినట్టు అన్నాడు: “నీకెవరు చెప్పిండ్రే?”

ఆ రోజు కథలో డ్రైవర్‌ను చంపేశారు. నేను బెంగ పెట్టుకుంటానని ఆయన ఆ సంగతి ముందు చెప్పలేదు. జూబ్లీహిల్స్‌లో షూటింగులకిచ్చే ఒక బంగ్లాలో ఆయన్ను పాడె మీద పడుకోబెట్టి షాట్ తీసి, అందరూ టీకి వెళ్లారు. ఆయన లేవలేకపోయాడు. మాటలన్నీ వినిపిస్తున్నాయట, కళ్లు తెరుచుకోవడం లేదట. తెల్లగుడ్డ కింద జేబులో ఫోన్ మూడోసారి వణికినప్పుడు చెయ్యి కదిలిందట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆయన మాటతో శవం వేషమని అర్థమై, అప్పుడు అడిగింది ఒక్కటే.

“నవ్వు షాట్ తీసిండ్రా?”

శవంగా పడుకున్నవాళ్లు షాట్ అవగానే లేచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వునూ తీస్తారు, టీవీలో వేయరు. చావు ఆ మనిషికి చివరి షాట్ కాకూడదని ఇక్కడి షూటింగుల్లో పెట్టుకున్న పద్ధతి.

“లేదే. టీ తాగొచ్చిండ్రు, లేటయిందని కెమెరా సర్దుతున్నరు.”

“తియ్యమను. నవ్వకుండ ఇంటికి రాకు. నీ కాళ్లు మొక్కుత.”

వెనక నుంచి ఎవరిదో గొంతు: “ఏందన్నా, సచ్చినోనికి గూడ పెండ్లాం ఫోన్ చేస్తదా?”

అందరూ నవ్వారు. కెమెరా మళ్లీ తెరిచి, ఆయన నవ్వునూ తీశారట.

ఎనిమిదింటికి ఇల్లు చేరాడు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. గుండె బాగానే ఉంది, వరుసగా రెండు షిఫ్టులు చేసిన అలసట అన్నాడు డాక్టరు. కావచ్చు. అలసట నాకూ తెలుసు. ఇన్నాళ్లకు ఇది రాస్తున్నది కూడా, పిల్లలు పడుకున్నాక, కళ్లు మూతలు పడుతుంటేనే. కానీ ఆయన అలిసిపోతే నా పుస్తకంలో పెన్సిల్ ఎలా చెరిగింది?

మర్నాడు ఎనిమిదైనా ఆయన లేవలేదు. మామూలుగా అయితే, పడుకున్న మనిషి దగ్గర గోల చేయొద్దని పిల్లలను కసిరేదాన్ని. ఆ రోజు మాత్రం ఇద్దరినీ పిలిచి చెప్పాను:

“పోయి డాడీని లేపుర్రి. తిట్టినా సరే, కండ్లు తెరిచేదాక లేపుర్రి.”