కార్డు ఫోటోలో దీనమ్మ లేదు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానంటే కుమిలిపోతున్నానని కాదు. నిజం చెప్పాలంటే నేను సుఖంగానే ఉన్నాను. వేళకు తింటాను, పడుకుంటే నిద్ర పడుతుంది. పిల్లలు వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డారు. ఇంత బాగున్న మనిషికి ఒప్పుకోవలసిందేముంటుందని మీకనిపించవచ్చు. అదే చిక్కు. కష్టం వచ్చిన రోజున ఆ బరువు గుర్తుకు రాదు. ఇంట్లో అందరూ నవ్వుతున్నప్పుడే వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. చీరాలకు పడమరగా, మిరపా పత్తీ పండే నల్లరేగడి ఊరనుకోండి, చాలు.

దీనమ్మ నా ఆడపడుచు. మా ఆయన యేసోబుకు చెల్లెలు. మొగుడు వదిలేస్తే, నాకు పెళ్ళయిన కొత్తలోనే మా ఇంటికి వచ్చేసింది. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి. ఆమె చెడ్డదయితే నాకు ఈ రాత సులువయ్యేది. నా పిల్లలు నా చంకలో కంటే ఆమె చంకలోనే ఎక్కువ పెరిగారు. ఆమె గోంగూర వండితే మా ఆయన మారు వడ్డించుకునేవాడు. నేను వండితే ఉప్పు అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. పైకి మాత్రం, నీ చెల్లెలి చేతిలో ఏదో ఉందిలే అని నవ్వేదాన్ని.

ఒకసారి మా చర్చికి కొత్తగా వచ్చిన అయ్యగారు, అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడి ఉంటే చూసి, "దంపతులిద్దరూ ముందుకు రండి, ప్రార్థన చేస్తాను" అన్నారు. చర్చి అంతా పడీపడీ నవ్వింది. దీనమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఒక సత్తు గిన్నె సొట్టపోయింది. ఎంత గట్టిగా తోమానో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. తెల్ల రేషన్ కార్డుల మీద కుటుంబం మొత్తాన్ని కలిపి ఫోటో వేస్తామని ప్రభుత్వం చెప్పిన రోజులవి. నేను మా మహిళా సంఘానికి లీడర్ని. పదో తరగతి దాకా చదివాను, మాటకారిని. అందుకని పంచాయతీ కార్యదర్శిగారు ముందురోజు సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, రేపు పొద్దున్నే బడి దగ్గర ఫోటోలు తీస్తారమ్మా, ఎవరూ పనికి పోకుండా మీ పేటంతా చెప్పండి అని చెప్పి వెళ్ళారు. ఇంటింటికీ తిరిగి చెప్పాను. అందరికీ చెప్పాను. దీనమ్మ ఆ పూట పక్కూరి కళ్ళంలో కాయలు ఏరుతోంది. ఇంటికి వచ్చింది, అన్నం తిన్నది, పడుకుంది. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఆ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. మా పెళ్ళికి ఫోటో తీయించే స్తోమత లేదు. పిల్లలు పుట్టాక కూడా లేదు. నేనూ, నా మొగుడూ, నా ఇద్దరు పిల్లలూ కలిసి ఉన్న ఫోటో ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. ప్రభుత్వం ఊరికే తీస్తానంటోంది. ఈ ఒక్కదాంట్లోనైనా మేం నలుగురమే ఉండాలనిపించింది. ఎవరో కొత్తవాళ్ళు ఆ ఫోటో చూసి భార్య ఎవరమ్మా అని అడగకూడదనిపించింది. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

తెల్లారి మిరపకోతకు ట్రాక్టర్ వచ్చింది. బయటి ఊరిది, పది మంది కూలీలు కూడా దొరక్క తిరుగుతోంది. దీనమ్మ తలగుడ్డ చుట్టుకుంటూ ఆగింది.

"వదినా, ఫోటోలంటున్నారు, ఇవ్వాళేనా ఏంది? కూలి పోతే పోయింది, ఆగనా?"

"ఇవ్వాళ కాదులేవే. రేపో ఎల్లుండో అంట. ఒట్టిపుణ్యానికి కూలెందుకు పోగొట్టుకుంటావు, ఎక్కు."

"ఊళ్ళో ఆడోళ్ళెవరూ ఎక్కట్లేదే?"

"వాళ్ళ గొడవ మనకెందుకు? ట్రాక్టరు పోతాంది చూడు."

ఎక్కింది. నా చిన్నకొడుకు జుట్టు చెరిపి మరీ ఎక్కింది. ఆ జుట్టు మళ్ళీ దువ్వి వాణ్ణి బడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఫోటో బాగా వచ్చింది. మా ఆయన చెల్లెలు ఏదని అడిగితే, చెప్పినా వినకుండా కోతకు పోయిందన్నాను. సాయంత్రం దీనమ్మతో మాత్రం, చెప్పాపెట్టకుండా వచ్చి పడ్డారే, నీకోసం మనిషిని పరిగెత్తించాను, తోట దొరకలేదు అన్నాను. పాపం, ఆ మనిషెవరో కూడా అడగలేదు. "పోనీలే వదినా, నా మొహం అందులో లేకపోతే మునిగిందేముంది" అంది. తర్వాత ఎక్కించుకోవచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. నేను రానివ్వలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. పేదలకు పెద్ద ఆపరేషన్లు ఊరికే చేయించే ఆరోగ్య బీమా వచ్చింది. తెల్లకార్డు ఉంటే చాలు, ప్రైవేటు ఆసుపత్రిలో కూడా చేస్తారన్నారు. ఊళ్ళో సంబరంగా ఉండేది. అప్పటికే దీనమ్మకు మిరపతోటలో నాలుగు సాళ్ళు కోసేసరికి ఆయాసం వస్తోంది. మిరప ఘాటుకేమో అనుకునేవాళ్ళం. ఒకరోజు తోటలోనే పడిపోయింది. బడిలో పెట్టిన వైద్య శిబిరానికి తీసుకెళ్తే, చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందని, ఆపరేషన్ చేయకపోతే ఎక్కువ కాలం బతకదని చెప్పారు. గుంటూరు తీసుకెళ్ళాం. అక్కడ ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కార్డు చూసింది, దీనమ్మను చూసింది, మళ్ళీ కార్డు చూసింది.

"ఈమె ఇందులో లేదండీ."

ఆ ఫోటోలో మేం నలుగురం చక్కగా కూర్చుని ఉన్నాం. నేను కోరుకున్నట్టే.

మా ఆయన అక్కడే కుప్పకూలి ఏడ్చాడు. మా దగ్గర అమ్ముకోవడానికి పొలం లేదు. సర్కారు పెద్దాసుపత్రిలో అడిగితే అక్కడ వరస చాలా ఉంది, ఎప్పటికవుతుందో చెప్పలేమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దీనమ్మ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆమె ఊపిరి పట్టి పట్టి వస్తోంది. ఈమె చచ్చిపోతే చంపింది నేనే అని అప్పుడు మొదటిసారి స్పష్టంగా అనుకున్నాను.

అప్పుడేం చేయాలి? తప్పు నాదని మా ఆయన కాళ్ళ మీద పడాలి. నేను అలా చేయలేదు. పోట్లాడటం మొదలుపెట్టాను. మండలాఫీసుకు వెళ్ళాను, సంఘం ఆడవాళ్ళను వెంటేసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ రోజుల్లో ఈ బీమా మీద ఎక్కడ చూసినా వాదనలే. టీకొట్టు దగ్గర కౌలు రైతులు మా సంగతేంటని అరిచేవాళ్ళు. కార్డున్న మోతుబరుల మాటేంటని ఇంకొకరు. ఒంగోల్లో పెద్ద సభ పెట్టారు, పథకంలో ఏం మార్చాలో జనం చెప్పండని. నన్ను కూడా పిలిచారు.

ఆ సభ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ప్రభుత్వ డాక్టరొకాయన, ఈ డబ్బు ప్రైవేటువాళ్ళకు పోసే బదులు మా ఆసుపత్రులకిస్తే మేమే చేస్తాం కదా అన్నారు. ఆయన మాట నిజమే అనిపించింది. ఒక అధికారి, కార్డులో లేనివాళ్ళను చేర్చుకుంటూ పోతే ప్రతివాడూ దూరపు చుట్టాన్ని తెచ్చి మా ఇంటి మనిషే అంటాడు, పథకం మునుగుతుంది అన్నారు. అదీ నిజమే. తర్వాత మైకు నా చేతికిచ్చారు. మా పేటవాళ్ళెవరూ ఆ సభకు రాలేదు.

నేనన్నాను: "అయ్యా, మీరు ఫోటోలు తీసిన రోజు మాకు ముందు చెప్పిందెవరు? చెప్పాపెట్టకుండా వచ్చి తీశారు. పొలంలో ఉన్నది ఇంట్లో మనిషి కాకుండా పోయిద్దా? మా ఆడపడుచు మీకోసం మిరపకాయలు కోస్తా ఉంది ఆ పూట. అదా ఆమె చేసిన నేరం?"

చప్పట్లు ఆగలేదు. వెనకవరసలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వలసపోయి ఫోటోకు అందనివాళ్ళు, మంచాన పడి బడిదాకా రాలేనివాళ్ళు, ఒక్కొక్కరే చెప్పుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళందరివీ నిజాలు. నా వాదన కూడా నిజమే. నేను చెప్పిన కథ ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధంతోనే వాళ్ళందరికీ నోరు వచ్చింది. దీన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మా కార్యదర్శిగారు ఆ సభలో ఒక పక్కన నిలబడి ఉన్నారు. అప్పటికింకా మా ఊళ్ళోనే పనిచేస్తున్నారు. "ముందురోజే చెప్పాం సార్" అని ఒక్కసారి అన్నారు. జనం కేకల్లో ఆ మాట మునిగిపోయింది. ఆయన పేరు మార్చి కూడా రాయలేకపోతున్నాను.

వారం తిరగకుండా ఆయన్ను కొత్తపట్నం వైపు బదిలీ చేశారు, విధుల్లో నిర్లక్ష్యమని రాసి మరీ. సామాను సర్దుకునే ముందు మా ఇంటికి వచ్చారు. అదే గుమ్మం. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, ముందురోజు ఇక్కడే నిలబడి నీకు చెప్పానా లేదా?"

"ఏమోనండీ. నాకు గుర్తులేదు."

"గుర్తులేదా? పేటంతా నువ్వు చెప్పబట్టేగదా అందరూ వచ్చింది!"

నేను కొంగు సర్దుకున్నాను.

"మా పాప పదో తరగతి. పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఇప్పుడు బడి మార్చాల. ఒక్క కాయితం రాసియ్యమ్మా, కార్యదర్శి చెప్పాడని. అంతే నేనడిగేది."

"గుర్తులేందే ఎట్టా రాసేదండీ?"

ఆయన నా మొహంలోకి చూశారు. తిట్టలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయారు. లోపల దీనమ్మ దిండుకానుకుని ఆయాసపడుతూ, ఎవరొదినా అని అడిగింది. ఎవరో ఆఫీసాయనలే అన్నాను. రాసిస్తే మళ్ళీ విచారణ అంటారు, దీనమ్మ కాగితాలు ఆగిపోతాయి అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అందుకేనా? సభలో లేచి నిలబడిన ఆడవాళ్ళ ముందు తల దించుకోవలసి వస్తుందని కాదూ? రెండూ ఉన్నాయి. ఏది ఎంతో తేల్చుకోలేకపోయాను.

కార్డులో లేనివాళ్ళను ఊళ్ళో విచారించి చేర్చుకోవచ్చని ఆ తర్వాత ఒప్పుకున్నారు. దీనమ్మకు గుంటూరులోనే ఆపరేషన్ అయింది. బాగా అయింది. ఇంటికొచ్చిన నెలల్లోనే పొయ్యి దగ్గర నన్ను పక్కకు జరగమంది. సంఘంవాళ్ళు నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆమె గోంగూరకు నేను కూడా మారు వడ్డించుకుంటాను. నాకు చెల్లెలు లేని లోటు ఆమె తీర్చింది. ఆమె లేకుండా నాకు పొద్దు గడవదు. సుఖంగా ఉన్నానని అందుకే అన్నాను. కాని ఏటా కృతజ్ఞత కూడికలో, మా చర్చిలో అలవాటున్నట్టే, ఆమె లేచి సాక్ష్యం చెబుతుంది. ఫోటోల నాడు మా వదిన నాకోసం మనిషిని పరిగెత్తించింది, తర్వాత నాకోసం ఊళ్ళు తిరిగింది, దేవుడు ఆమె రూపంలో వచ్చాడు అని చెబుతుంది. అందరూ ఆమెన్ అంటారు. నేను కూడా అంటాను. అనకపోతే చూస్తారు కదా.

ఆ కూడిక మొన్ననే అయింది. ఈసారి ఆమె ఇంకో మాట కలిపింది. నన్ను ఫోటోలో లేకుండా చేసిన ఆ ఆఫీసరును కూడా నేను క్షమించానని చెప్పింది. చర్చిలో అందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను లేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ముందు బెంచీ పట్టుకున్నాను కూడా. లేవలేదు. పక్కనున్నావిడ నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

దీనమ్మకు చెబితే క్షమిస్తుంది. నాకు తెలుసు. అందుకే చెప్పడం లేదేమో. ఆమె క్షమిస్తే నా వరకు తీరిపోతుంది, ఆయనకు మాత్రం ఏం తీరుతుంది? ఆయనకు ఆ కాగితం అందలేదు. ఆ పాప పరీక్ష ఎలా రాసిందో నాకు తెలియదు. కొత్తపట్నం ఎంతో దూరం కాదు, బస్సులున్నాయి. నేను వెళ్ళలేదు. వెళ్తానని మీకు మాటివ్వను, ఇచ్చి తప్పితే అదొకటి.

ఆయన చెప్పారు. ముందురోజు సాయంత్రం, మా గుమ్మంలో నిలబడి, స్పష్టంగా చెప్పారు. దీనమ్మకు చెప్పనిది నేను. ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు రాశాను. తర్వాత తేలిగ్గా ఉంది. తప్పు తగ్గిందని కాదు, ఊపిరి ఆడుతోంది, అంతే.

ఆ గుమ్మంలో జరిగింది ఇప్పటిదాకా నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.