టైలరు బాబాయి బకెట్టు

మా వీధి టైలరు బాబాయి కుట్టు ఎంత నెమ్మదో, నోరు అంత దురుసు. ఆయన అరుపులకు కాజాలు కుట్టేవాళ్ళు ముగ్గురు మానేశారు. మిగిలింది సొంత చెల్లెలు ఒక్కతే. "అన్నయ్యా, ఇంకొక్కసారి అరిచావంటే నేనూ రాను" అని ఆమె కూడా తేల్చి చెప్పేసింది.

బాబాయి భయపడి కౌన్సెలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. కోపం రాగానే చేతిలో పని ఆపాలని, చన్నీళ్ళలో ముఖం ముంచాలని, ఆ తర్వాత కోపం చెయ్యమన్నదానికి సరిగ్గా ఎదురు పని చెయ్యాలని ఆవిడ నేర్పింది. ఆ సాయంత్రమే మిషను పక్కకు నీళ్ళ బకెట్టు వచ్చింది.

నిన్న డాక్టరుగారి కొత్త చొక్కాకు గుండీలు ఉండాల్సిన వైపు చెల్లెలు కాజాలు కోసేసింది. కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు కదా! బాబాయి ముక్కుపుటాలు అదిరాయి. కత్తెర కింద పెట్టి, గబుక్కున బకెట్టులో ముఖం ముంచాడు.

"అన్నయ్యా, ఉన్నావా?" అని ఆమె భయంభయంగా అడిగింది.

ఆయన నీళ్ళోడుతూ లేచాడు. "ఉన్నానమ్మా. పొద్దున్నుంచి వంచిన మెడ ఎత్తలేదు నువ్వు. పోయి కాసిని టీ తాగు. దేవుడి దయవల్ల గుడ్డ మిగిలింది, కొత్త పట్టీ వేసేస్తాను."

ఆమె పకపకా నవ్వి తువ్వాలు అందించింది. "రేపు పెందలాడే వస్తాలే. ముందు తల తుడుచుకో, చొక్కా తడుస్తోంది."