ఆగిపోయే కారుతో విండ్సర్ నుంచి వాటర్లూకి, పాత రోడ్డు మీదుగా

షారన్ పెట్టిన షరతు ఒక్కటే. కారు తన చక్రాల మీద తానే నడిచి వాటర్లూ రావాలి. టో ట్రక్కు ఎక్కి వస్తే మాత్రం, సాయంత్రం ఆరింటికి కొనేవాడు వస్తాడు, తాళం వాడి చేతిలో పెట్టేస్తుంది. షారన్ ఇమ్మానుయేలు అంకుల్ కూతురు, వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంకుల్ వాళ్ళది నరసాపురం దగ్గర. విండ్సర్ కార్ల ప్లాంటులో ముప్పై ఏళ్ళు డోర్లు బిగించి రిటైరయ్యారు. నేను విండ్సర్‌లో చదివిన రెండేళ్ళూ వాళ్ళ బేస్‌మెంట్‌లోనే అద్దెకున్నాను. ఇప్పుడు మిల్టన్‌లో టైర్ల షాపులో పని. నాకు మెకానిక్ సర్టిఫికెట్ లేదు. పాత మాన్యువళ్ళు చదివీ, వీడియోలు చూసీ, వేళ్ళు కాల్చుకునీ నేర్చుకున్నాను. షాపులో నన్ను "యూట్యూబ్ మెకానిక్" అంటారు. అననీ. ఆ మాటన్నవాళ్ళు చేతకాక వదిలేసిన పనులు నేను చేశాను.

అంకుల్ కారు డెబ్భైల నాటి మజిల్ కారు, ఎనిమిది సిలిండర్లది. తుప్పుపట్టిన డొక్కుగా కొని పదకొండేళ్ళు పట్టి బాగుచేసుకున్నారు. పోయిన వేసవిలో దానికి కొత్త ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసింది నేనే. సెప్టెంబర్‌లో మొదటిసారి దారిలో ఆగింది. అందులోని మాడ్యూల్ అనే చిన్న పెట్టె పోయిందని మార్చాను. అక్టోబర్‌లో 401 హైవే మధ్య లేన్‌లో, కీ తిప్పేసినట్టు, ఒక్కసారిగా ఇంజన్ ఆగింది. అంకుల్ నడుపుతున్నారు, పక్కన రూతు ఆంటీ. వెనకున్న లారీ అంగుళాల తేడాతో తప్పుకుంది. ఆంటీ మళ్ళీ ఆ కారెక్కలేదు. "డాడ్ చెయ్యి తగిలి కీ తిరిగిపోయుంటుంది, కళ్ళు సరిగ్గా కనబడట్లేదు" అంది షారన్. నేనైతే మళ్ళీ మాడ్యూలే పోయిందనుకుని ఇంకోటి వేశాను. కంటి పరీక్షలు చేయిస్తే నిజంగానే చూపు తగ్గిందని తేలింది, లైసెన్స్ పోయింది. కారు ఇక కూతురి దగ్గరే ఉండాలి, లేదా అమ్ముడుపోవాలి. అందుకే ఈ ప్రయాణం.

శుక్రవారం పొద్దున మిల్టన్‌లో ఆఫీసు జనంతో పాటు రైలెక్కి టొరంటో, అక్కడినుంచి ఇంకో రైల్లో విండ్సర్ చేరాను. ముందుగా కొంటే మొత్తం డెబ్భై డాలర్ల లోపే అవుతుంది. శనివారం ఏడున్నరకి బయలుదేరాం. పెట్రోలు ట్యాంకు నింపితే నూట పది డాలర్లు. ఈ బండికి మైలేజీ అడగొద్దు, ఏడుపొస్తుంది. 401 మీద మూడు గంటల దారి, కానీ ఆ రోడ్డు మీద ఈ కారుతో వెళ్ళే ధైర్యం నాకు లేదు. టిల్‌బరీ, చాతమ్, ఇక్కడి లండన్, సెయింట్ మేరీస్, స్ట్రాట్‌ఫర్డ్ మీదుగా పాత రోడ్డు పట్టాను. మూడువందల కిలోమీటర్ల పైన, ఆగకుండా వెళ్తే నాలుగున్నర గంటలు. పక్కన ఆగడానికి చోటుంటుంది, అది చాలు. ఆంటీ గుమ్మంలో నిలబడి ప్రార్థన చేశారు. రొయ్యల పచ్చడి రాసిన బ్రెడ్డు డబ్బా ఇచ్చి, కారు వైపు చూడకుండా లోపలికెళ్ళిపోయారు.

చాతమ్ దాటాక దారికి రెండు పక్కలా దున్నిన నల్లటి పొలాలు, దూరంగా గాలిమరలు. అంకుల్ అద్దం దించుకుని ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నారు. తొమ్మిదింపావుకి ఆ చప్పుడు ఆగింది. దగ్గలేదు, వణకలేదు, ఆగింది. స్టీరింగ్ బండరాయిలా బరువెక్కింది. బ్రేకు మీద నిలబడినంత పనిచేసి పక్కకి లాగాను.

అంకుల్ అడిగారు. "కీ ఏవన్నా తగిలిందా అమ్మా?"

"లేదంకుల్. రెండు చేతులూ స్టీరింగ్ మీదనే ఉన్నయి."

"ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"లో ఆరునెలలు ఉన్నాయని నాకప్పుడు తెలీలేదు.

ఇంజన్ మీది హుడ్డెత్తాను. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు వైరు తీసి చూస్తే నిప్పురవ్వ లేదు. నిప్పురవ్వ పుట్టించేది కాయిల్, ఎప్పుడు పుట్టించాలో దానికి చెప్పేది మాడ్యూల్, అరచేతంత పెట్టె. ఇంజనుకీ మనుషులకీ మధ్యనుండే రేకు గోడకి రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. దాన్ని చేసిన కంపెనీని నోరారా తిట్టి, డిక్కీలోంచి కొత్తది తీసి బిగించాను. పావుగంట పని. కీ తిప్పగానే అందుకుంది.

"చూశారా, మళ్ల మాడ్యూలే! డొక్కు మాల్ అమ్ముతున్నరు దొంగలు" అన్నాను.

"నాలుగోది కదమ్మా ఇది?"

"నాలుగు కాదు, నలభై అమ్మినా డొక్కే అమ్ముతరు."

థేమ్స్‌విల్‌లో చిన్న హోటల్ దగ్గర ఆగాం. కాఫీ, గుడ్డు శాండ్‌విచ్ కలిపి ఒక్కొక్కరికీ పద్నాలుగు డాలర్లు. వంటావిడ కిటికీలోంచి కారు చూసి బయటికొచ్చింది. మా నాన్నకి ఇలాంటిదే ఉండేది, మీరిద్దరూ తాతా మనవరాళ్ళా అని అడిగింది. "ఇంటాయన, అద్దెకున్న పిల్లా" అన్నారు అంకుల్. ఆవిడ నవ్వి, కాఫీ మళ్ళీ నింపి దానికి డబ్బులు వద్దంది.

లండన్‌లో ట్రాఫిక్ లైట్ల దగ్గర అరగంట పోయింది. ఇంజన్ బాగా వేడెక్కింది. ఊరు దాటి సెయింట్ మేరీస్ వైపు వెళ్తుండగా పన్నెండున్నరకి మళ్ళీ ఆగింది. అదే తీరు, కీ తిప్పేసినట్టు. ఈసారి నాకు అరుపొచ్చింది. స్టీరింగ్‌ని పిడికిలితో గుద్దాను. డిక్కీలో ఇంకో మాడ్యూల్ లేదు.

పది నిమిషాలకి ఓ టో ట్రక్కు వెనక వచ్చి ఆగింది. నడివయసు సర్దార్జీ దిగాడు. హిందీలో మాట్లాడాడు.

"ఎక్కించేద్దామా బేటీ? వాటర్లూ వైపేనా? నేనూ అటే."

"వద్దు."

"ఉచితంగానే."

"వద్దన్నాను కదా! ట్రక్కెక్కితే ఈ కారు పోతుంది."

ఆయనకేం అర్థమైందో, ట్రక్కుని మా వెనకే నిలిపి పసుపు దీపాలు వేశాడు, వచ్చే బళ్ళు దూరంగా పోవాలని. "నువ్వు చూసుకో, నేను అన్నం తింటాను" అని డబ్బా తెరిచాడు.

మార్చడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కొలవడం మొదలుపెట్టాను. నిజం చెప్తున్నాను, ఆ తొమ్మిది నెలల్లో నేను వోల్టు మీటర్ సరిగ్గా వాడింది అప్పుడే. కాయిల్ దాకా కరెంటు వస్తోంది. ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి తీగ బాగానే ఉంది. ఇక మిగిలింది ఎర్త్. ఆ మాడ్యూల్ తిరుగు కరెంటు దాని ఒంటిలోంచే, బోల్టుల ద్వారా కారు రేకులోకి పోవాలి. కీ ఆన్‌లో ఉంచి మీటర్ నల్ల కొసను బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర కొసను మాడ్యూల్ ఒంటికి ఆనించాను. దాదాపు సున్నా రావాలి.

అంకుల్ నా భుజం దగ్గరే నిలబడ్డారు. మీటర్ ఆయన ముక్కు ముందే ఉంది, కానీ ఆ అంకెలు ఆయనకి కనబడవు.

"ఎంతుందమ్మా?"

నాలుగు వోల్టులుంది. ఆడుతూ ఉంది.

నాకప్పుడు రేకు గోడ కనబడింది. నీలం రంగు. వేసవిలో నేనే వేశాను, మూడు పూతలు. పూత పూతకీ ఉప్పుకాగితంతో రుద్ది, అద్దంలా మెరిసేదాకా. ఫొటోలు తీసి అందరికీ పంపాను. ఆ రంగు మీదే మాడ్యూల్ బిగించాను, గీకకుండా. రంగులోంచి కరెంటు పోదు. కొత్త మాడ్యూల్ బిగించిన ప్రతిసారీ బోల్టు పళ్ళు రంగుని కాస్త కొరికి రేకుని అందుకునేవి, కారు నడిచేది. వేడికీ అదురుకీ ఆ కాస్త పట్టూ సడలేది, ఆగిపోయేది. నేను మళ్ళీ కొత్తది కొనేదాన్ని. నాలుగు మాడ్యూళ్ళలో ఒక్కటీ డొక్కుది కాదు.

సున్నా అని చెప్పొచ్చు. వైరు వదులైందని చెప్పి, గీకేసి, బిగించేసి వెళ్ళిపోవచ్చు. కారు నడుస్తుంది, షరతు నెగ్గుతుంది. ఎవరికీ తెలీదు. ఇవన్నీ నేను అనుకున్నాను. అనుకోలేదని రాస్తే అబద్ధం.

"నాలుగు వోల్టులు అంకుల్. తప్పు నాది."

మొత్తం చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నారు.

"అయితే అక్టోబర్లో..."

"అప్పుడు కూడా ఇదే."

"కీ నేను తిప్పలేదన్నమాట."

"లేదంకుల్."

ఆయన చెయ్యి చాచి చక్రం మీది ఫెండర్ తడుముకుని పట్టుకున్నారు. "రాత్రిళ్ళు పడుకుని చెయ్యి ఇలా పెట్టి చూసుకునేవాణ్ణమ్మా, ఎలా తగిలుంటుందా అని" అన్నారు. ఆ తర్వాత నన్ను తిడతారనుకున్నాను. "గీకు" అన్నారు, అంతే.

సర్దార్జీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బ్యాటరీ నుంచి బ్యాటరీకి వేసే బూస్టర్ కేబుల్ ఇచ్చాడు. నల్ల తీగ ఒక కొస మాడ్యూల్‌కీ, ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కీ తగిలించి కీ తిప్పితే ఇంజన్ వెంటనే అందుకుంది. రుజువు అదే. ఆపేసి, మాడ్యూల్ విప్పి, బోల్టుల చుట్టూ రంగుని తెల్లటి రేకు తేలేదాకా గీకాను. విడిగా ఒక మందపాటి ఎర్త్ వైరు కూడా వేశాను. మీటర్ మీద సున్నా పక్కన ఎక్కడో చిన్న అంకె. సర్దార్జీ డబ్బులు ముట్టుకోలేదు. ఆంటీ ఇచ్చిన బ్రెడ్డు సగం ఇస్తే తిని, పచ్చడి ఘాటుకి దగ్గుతూ వెళ్ళిపోయాడు.

సెయింట్ మేరీస్ వచ్చింది, పోయింది. స్ట్రాట్‌ఫర్డ్ దాటాక అంకుల్ నోరు విప్పారు. "ఆంటీకి నేను చెప్తా. షారన్‌కి మాత్రం నువ్వే చెప్పాలి."

"నేనే చెప్త."

"అది ఊరుకోదు."

"ఊరుకోవద్దు కూడ."

మూడుంబావుకి వాటర్లూ చేరాం. షారన్ గ్యారేజ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తను మాట్లాడింది ఇంగ్లీషులో, నేను తెలుగులో రాస్తున్నాను. ఇంజన్ ఆపి, కారు దిగకముందే అద్దంలోంచి చెప్పేశాను. దిగితే ధైర్యం పోతుందని. తను కారు ముందుకి నడిచింది. "చూపించు" అంది. హుడ్డెత్తి గీకిన చోటు చూపించాను.

"మా అమ్మ ఆ లారీ హారన్‌కి ఇప్పటికీ నిద్రలో లేస్తుంది. నీకు తెలుసా?"

"తెల్వదు."

"ఇన్ని నెలలు మా నాన్నని నేను..." అని ఆగి, అంకుల్ వైపు తిరిగింది. "సారీ నాన్నా" అంది. డాడ్ అనలేదు. అంకుల్ గ్యారేజ్ తలుపు అంచు తడిమి, కొంచెం వంకరగా ఉంది, బిగించాలి అన్నారు.

కొనేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తర్వాత నా ముందు చెయ్యి చాపింది. "కారు ఉంటుంది. దాన్ని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు పూర్తిగా చూశాకే మా అమ్మ ఎక్కుతుంది. నువ్వు మాత్రం ఇంక దీన్ని ముట్టుకోవద్దు." అంకుల్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. నేను తాళం ఇచ్చేశాను.

వాటర్లూ నుంచి మిల్టన్‌కి తిరుగు ప్రయాణం బస్సులో, మధ్యలో ఒకసారి మారాలి, సుమారు రెండున్నర గంటలు. సగం దూరం షారన్ మీద మండిపోతూనే ఉన్నాను. నా వేళ్ళ మధ్య నీలం రంగు పొట్టు ఇరుక్కుని ఉంది, దాన్ని గోటితో తీస్తూ కూర్చున్నాను. మిగతా సగంలో మంట చల్లారింది, బరువు మిగిలింది. తను అన్నదాంట్లో తప్పులేదు. నన్ను యూట్యూబ్ మెకానిక్ అన్నవాళ్ళ మీద కోపంతో నేర్చుకున్నాను, ఆ కోపమే నన్ను ఇంతదూరం తెచ్చింది. కానీ అదే కోపం ప్రతిసారీ తప్పుని ఇంకెవరి మీదికో తోసింది. కంపెనీ, అమ్మినవాడు, వేడి. ఆ మధ్యలో ఒక పెద్దాయన తన చేతిని తానే అనుమానించుకుంటూ చలికాలమంతా గడిపారు. సర్టిఫికెట్ కోర్సుకి అప్లై చేశాను. కారు మళ్ళీ ముట్టుకోవడానికి కాదు, అది నా చేతిలో లేదు.

ఇలాంటి పాత కారుతో దూరం బయలుదేరేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. వేడెక్కాక ఉన్నట్టుండి ఆగి, కాసేపటికి మళ్ళీ నడుస్తుంటే, కొత్త మాడ్యూల్ కొనకముందు పాతదాని కింద రంగు గీకి, బ్యాటరీ మైనస్ దాకా విడిగా ఎర్త్ వైరు వెయ్యండి. కీ ఆన్‌లో ఉంచి, మాడ్యూల్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. పాయింటు రెండు (0.2) వోల్టులు దాటితే బయలుదేరొద్దు. వచ్చిన అంకె ఏదైనా, ఆ కారులో మీ పక్కన కూర్చునే మనిషికి పైకి చదివి చెప్పండి.